మూడో నంబరు మట్టిముద్ద

తలుపు కొట్టిన ఆవిడ లోపలికి రాకుండా గడప అవతలే నిలబడిపోయింది. చేతిసంచీని రెండు చేతులతో పొట్టకి అదిమి పట్టుకుంది. "డిటెక్టివ్ గారంటే..." అని ఆగి, నేలమీద గొంతుక్కూర్చుని కుర్చీ కోడుకి మేకు దిగ్గొడుతున్న బట్టతల మనిషిని చూసి, తను సరైన చోటికే వచ్చిందా అని సందేహపడింది.

"నేనేనమ్మా. రండి. ఈ కుర్చీ ఇప్పుడే బాగుపడింది, ముందు మీరే కూర్చోవాలి," అన్నారాయన సుత్తి పక్కన పెట్టి.

ఊరంతా ఆయన్ని సర్వేయరు గారనే అంటుంది. బీమా కంపెనీలో ఇరవై రెండేళ్ళపాటు కాలిపోయిన గోడౌన్లూ మునిగిపోయిన పడవలూ చూసి, కారణం రాసిన మనిషి. ఒకసారి పైవాళ్ళు చెప్పినట్టు రాయనన్నారు. ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. పక్కన నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డవాడు ఆయన బావమరిది. ఫొటో స్టూడియో పెట్టి, అది మూసేసి, నాలుగు రోజులుండి వెళ్తానని అక్క ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. బావ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

"మా అన్నయ్యని ఎత్తుకుపోయారండీ," అంది ఆవిడ.

బావమరిది గబగబా నోటుపుస్తకం తెరిచాడు. "వయసు?"

"ఇరవై మూడు." ఆవిడ కుర్చీలో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "నలభై అయిదేళ్ళ నుంచీ ఇరవై మూడే."

పెన్సిలు ఆగిపోయింది. సర్వేయరు గారు మంచినీళ్ళ గ్లాసు ఆవిడ చేతికిచ్చి, "మొదటినుంచీ చెప్పండి. తొందరేం లేదు," అన్నారు.

ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అన్న యుద్ధకాలంలో పైలట్. శత్రువుల స్థావరాలని ఆకాశం నుంచి ఫొటోలు తీసే విమానం ఆయనది. దానికి రెండు ఇంజన్లు, మనిషి మాత్రం ఒక్కడే. ఒక ఉదయం అలాంటివి రెండు బయల్దేరాయి, రెండూ తిరిగి రాలేదు. వాటిలో ఒకటి శత్రువుల మైదానంలో చక్కగా దిగిందనీ, పైలట్ చేతులెత్తి బయటికొచ్చాడనీ కొన్నాళ్ళకి కబురొచ్చింది. ఆ పైలట్ ఇద్దరిలో ఎవరో ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడం వల్ల మచ్చ రెండు ఇళ్ళమీదా పడింది.

"మా అమ్మ కుళాయి దగ్గరికెళ్తే అక్కడున్న ఆడవాళ్ళు మాటలాపేసేవారు," అంది నర్సమ్మ. "పోయేదాకా ఆవిడకి ఒకటే మాట. 'వాడు పారిపోయే రకం కాదే' అని. వినేవాళ్ళెవరు? నేను తప్ప."

కిందటేడు ఎండలకి ఊరవతల బురదనేల ఎండిపోయి, అడుగునుంచి ఒక విమానం ఇంజను బయటపడింది. కాలేజీ లెక్చరరు ఒకాయన నలుగురిని పోగేసి తవ్వించాడు. ముక్కలైన ఇంజను ఒకటి, కాసిని చిల్లర సామాన్లు దొరికాయి, రెండో ఇంజను పాతాళానికి పోయింది. నంబరు రేకు ఊడిపోయింది. కానీ ఆ ఫ్యాక్టరీవాళ్ళు ఇంజను నంబరు ఆయిల్ పంపు మీద కూడా సుత్తితో కొట్టేవారట. పంపు మట్టిముద్దలో ఇరుక్కుని ఉంది. దాన్ని కడిగి అంకె చదివితే, బురదలో ఉన్నది ఎవరి విమానమో తేలిపోతుంది.

"గురువారం మిలిటరీ రికార్డాఫీసు నుంచి అధికారి వస్తున్నాడు. అంకె చూపించలేకపోతే 'గుర్తు తెలియని విమానం' అని రాసి ఫైలు మూసేస్తారు. నిన్న పొద్దున చూస్తే ఆ ముద్ద లేదు."

"ఎవరిమీదైనా అనుమానమా అమ్మా?"

నర్సమ్మ తల దించుకుంది. "రెండో పైలట్‌కి కొడుకున్నాడు. బస్సు డ్రైవరు. అంకె మా అన్నయ్యదైతే, శత్రువుల దగ్గర దిగినవాడు వాళ్ళ నాన్నేనని తేలినట్టే కదా. పాపం, అతణ్ణి అనాలని లేదు. కానీ ఇంకెవరికి అవసరం?"

లెక్చరరు పనిచేయించే షెడ్డు ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సు. గోడలకి ఇంకా సిరా వాసన ఉంది. పొడవాటి బల్లమీద శుభ్రం చేసిన ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి: వంగిన కడ్డీలు, సగం విరిగిన పిస్టన్లు, పైలట్ ముందుండే గడియారం. ప్రతిదానికీ దారంతో అంకె కట్టి ఉంది. మూలన పెద్ద రేకు తొట్టి, దాని నిండా గోధుమరంగు నీళ్ళు.

"తొట్టి దేనికండీ?" అని అడిగారు సర్వేయరు గారు.

"బురదలోంచి తీసిన లోహాన్ని తడారనివ్వకూడదు," అన్నాడు లెక్చరరు. మంచి మనిషే, చొక్కా జేబులో మాత్రం అయిదు పెన్నులు. "గాలి తగిలి ఎండిందా, బిస్కట్టులా పొడైపోతుంది. అందుకని కడిగేదాకా నీళ్ళలోనే ఉంచుతాం. ఈ పద్ధతి మా మేస్త్రీ గారు నేర్పిందే."

సర్వేయరు గారు తొట్టిలోకి తొంగిచూశారు. నీటిమట్టం పాత గీతకి నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది. నేలమీద ఎక్కడా నీళ్ళు ఒలికిన మరక లేదు. గోడవారగా నాలుగు బకెట్ల గుండ్రటి అచ్చులున్నాయి, మూతల బకెట్లు మాత్రం మూడే ఉన్నాయి.

"తాళం పగలలేదా?"

"తాళంచెవి పక్క టీ కొట్లో మేకుకి వేలాడుతుంది. మా వాళ్ళందరికీ తెలుసు," అన్నాడు లెక్చరరు సిగ్గుపడుతూ.

"భేషైన కాపలా," అన్నాడు బావమరిది. బావ చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

రిజిస్టరులో పంతొమ్మిది ముక్కలూ తవ్వి తీసిన వరసలో రాసి ఉన్నాయి. ఎదురుగా, కడిగిన తేదీ. ఒకటి, రెండు, నాలుగు, అయిదు, అలా పంతొమ్మిది దాకా తేదీలున్నాయి. మూడో నంబరు ఎదురుగా ఖాళీ. "మట్టిముద్ద, లోపల ఆయిల్ పంపు" అని మాత్రం ఉంది.

కడిగేది మేస్త్రీ గారే. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విప్పి బిగించిన చేతులు ఆయనవి. అరవై మూడేళ్ళు. జీతం లేదు, అయినా పొద్దున్నే అందరికంటే ముందొస్తాడు. సర్వేయరు గారు దగ్గరికెళ్ళేసరికి బల్ల చివర, కడిగిన కడ్డీనే పళ్ళుతోమే బ్రష్షుతో మళ్ళీ రుద్దుతున్నాడు, పసిపిల్లకి నీళ్ళు పోసినంత జాగ్రత్తగా.

"అసలైన ముక్కని చివరికి ఉంచారేం మేస్త్రీ గారూ?"

"కష్టమైనవి ఆఖరున పెట్టుకుంటానండీ. చెయ్యి తిరగాలి కదా."

"అంకె కనబడేదంటారా?"

"చెప్పలేమండీ. ఎడమ ఇంజను పంపు కిందివైపుకి ఉంటుంది, దెబ్బ ముందు దానికే తగులుతుంది." ఆయన తలెత్తలేదు. "పోయిందాని గురించి ఇప్పుడెందుకులెండి."

"యుద్ధంలో మీరూ పనిచేశారా?"

"అప్పటికి నేనెంత, మూతిమీద మీసమే లేదు." బ్రష్షు మళ్ళీ కదిలింది. రుద్దిన చోటే మళ్ళీ రుద్దడం బావమరిది కూడా చూశాడు. ముసలితనం అనుకున్నాడు.

బయటికొచ్చాక సర్వేయరు గారు లెక్చరరుని పక్కకి పిలిచారు. "తవ్విన ఇంజను ఎడమదా, కుడిదా?"

"రెండూ ఒకే అచ్చులో పోసినవండీ. అంకె చదివితేగానీ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు."

యుద్ధకాలపు సామాన్లు అమ్మే షావుకారు దుకాణం మార్కెట్టు చివర ఉంది. అతను తరచూ షెడ్డుకి వచ్చి ముక్కలు బేరం చేస్తుంటాడు. "మట్టిముద్దని ఎవడు కొంటాడండీ?" అన్నాడు పెద్దగా నవ్వి. "ఆ బల్లమీద గడియారం ఇమ్మనండి, కళ్ళకద్దుకుని తీసుకుంటా." అతని అలమారలో ఒక అల్యూమినియం మూత తెల్లటి పొడి రాలుస్తోంది. అదీ బురదలో దొరికిందేనట. "కొన్నప్పుడు అద్దంలా ఉంది. ఏ మాయరోగం పట్టిందో, రోజుకింత రాలిపోతోంది," అన్నాడు దిగులుగా.

బస్సు డ్రైవరు డిపో మెట్లమీద కూర్చుని టిఫిను తింటున్నాడు. వాళ్ళని చూడగానే డబ్బా మూసేశాడు.

"నేనే తీశాననుకుంటున్నారు కదూ? అనుకోండి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాణ్ణి కాను. ఆదివారం మధ్యాహ్నం షెడ్డుకెళ్ళిన మాట నిజం. ఆ ముద్దని తొట్టిలోంచి తీసి చూశాను. మళ్ళీ అక్కడే పెట్టేసి వచ్చేశాను."

"ఎందుకు చూశారు?"

"మా నాన్న పోయినప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్నాను. సగం పిరికివాడి కొడుకుగా, సగం వీరుడి కొడుకుగా బతికానండీ ఇన్నాళ్ళూ. రెంటిలో ఏదో ఒకటి పూర్తిగా తేలితే చాలు. తేల్చేది నా చేతుల్లోనే ఉందని చూశాక, చేతులు రాలేదు."

దారిలో బావమరిది ఉండబట్టలేకపోయాడు. "డ్రైవరే బావా! తనే ఒప్పుకున్నాడు, ముట్టుకున్నానని."

"నువ్వే దొంగవనుకో. అంకె లోకానికి కనబడకూడదు. ఏం చేస్తావు?"

"ఆకురాయితో గీకేస్తాను. లేదా చెరువులో పారేస్తాను."

"అమ్ముకోవాలనుకుంటే?"

"గడియారం పట్టుకుపోతాను."

"మరి ఈ దొంగ అక్కడి బకెట్టే తీసుకుని, తొట్టిలో నీళ్ళు చుక్క ఒలక్కుండా ముంచి, ముద్దని అందులో పెట్టి, మూతపెట్టి తీసుకెళ్ళాడు. వాడికి ఆ పంపు ఎవరి కంటా పడకూడదు. కానీ అది పాడవకూడదు కూడా. ఇదేం దొంగతనమోయ్?"

బావమరిది బుర్ర గోక్కుని, "మీకు తెలిసిపోయింది కదా బావా," అన్నాడు ఆరాధనగా.

"తెలిసింది. తెలిసినందుకు సంతోషంగా లేదు," అన్నారు సర్వేయరు గారు.

బుధవారం పొద్దున పది గంటలకి అందరూ షెడ్డులో చేరారు. నర్సమ్మ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది. డ్రైవరు ఆమెకి వీలైనంత దూరంగా నిలబడ్డాడు. షావుకారు గడియారం పక్కనే చోటు చూసుకున్నాడు. లెక్చరరు చేతిలో రెండు విమానాల నాలుగు ఇంజన్ల నంబర్ల జాబితా ఉంది. మేస్త్రీ బల్ల చివర, తన బ్రష్షుల దగ్గర నిలబడ్డాడు.

"పంపు క్షేమంగా ఉంది," అంటూ మొదలుపెట్టారు సర్వేయరు గారు. "తీసుకెళ్ళినవాళ్ళు దాన్ని తడారనివ్వలేదు. ఈ షావుకారు గారికి ఆ సంగతే తెలియదు. ఆయన దుకాణంలో మూత పొడైపోతున్నా మాయరోగం అంటున్నారు."

షావుకారు నోరు తెరిచాడు. "నీళ్ళలో పెట్టాలా?"

"డ్రైవరు గారికి అంకె దాచాలనుంటే ఆదివారమే పని అయిపోయేది. ముద్ద ఆయన చేతుల్లోనే ఉంది, ఆకురాయి బల్లమీదే ఉంది. దొంగలు నిజం చెప్పి ఇరుక్కోరు, ఆయన ఇరుక్కున్నారు." సర్వేయరు గారు రిజిస్టరు తెరిచారు. "పంతొమ్మిది ముక్కల్లో పద్దెనిమిది కడిగారు. మూడోదాన్ని మూడు వారాలు దాటేస్తూ వచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైంది అదే అయినా. బద్ధకంతో కాదు, భయంతో. గురువారం ముంచుకొచ్చాక దాటెయ్యడానికి దారి లేకపోయింది."

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి.

"మేస్త్రీ గారూ," అన్నారాయన మెత్తగా, "నిన్న మీరు 'ఎడమ ఇంజను పంపు' అన్నారు. అది ఎడమదో కుడిదో ఇక్కడ ఎవరికీ తెలియదు. మీకూ తెలియదు. తెలిసి అనలేదు, భయపడి అన్నారు. మీ మనసులో నలభై అయిదేళ్ళుగా ఎడమ ఇంజను ఒక్కటే తిరుగుతోంది. ఎవరి విమానానిది?"

మేస్త్రీ బ్రష్షు కింద పెట్టాడు. పెట్టినచోట తిన్నగా సర్దాడు. తర్వాత నర్సమ్మ వైపు చూడబోయి, చూడలేక నేల చూశాడు.

"మీ అన్నయ్యగారిదమ్మా."

లెక్చరరు చేతిలోని జాబితా బల్లమీద పెట్టేశాడు.

"పద్దెనిమిదేళ్ళు నాకు. ఆయన విమానం ఎడమ ఇంజను నా బాధ్యత. ఆ పొద్దున పాత ఆయిలు దింపి, కొత్తది పోసి, పంపు కింద ఆయిలు దిగే బెజ్జానికి ప్లగ్గు బిగించాను. బిగించాక దాని తలలో బెజ్జంలోంచి ఉక్కుతీగ దూర్చి పక్కదానికి మెలిపెట్టి కట్టాలి. లేకపోతే ఇంజను అదురుకి ప్లగ్గు వదులై, ఆయిలంతా కారిపోయి, ఇంజను పట్టేస్తుంది. తీగ చేతిలోకి తీసుకున్నాను. అంతలో పక్క విమానం చక్రం బురదలో దిగబడింది, నెట్టడానికి రమ్మని కేకేశారు. పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఇంజన్లు తిరుగుతున్నాయి. తీగ కట్టానా, కట్టలేదా? రోజూ చేసే పనమ్మా. చెయ్యి చేస్తుంది, మనసుకి గుర్తుండదు. ఆపమని రెండు చేతులూ ఊపుతూ రెక్కకిందికి ఉరికాను. ఆయన అద్దం జరిపి తల బయటపెట్టి, 'అంతా సరిగ్గానే ఉందిరా, పక్కకి తప్పుకో' అని నవ్వారు. నా మాట వినకుండానే వెళ్ళిపోయారు. మర్నాడు నా జేబులో ఆ తీగముక్క దొరికింది."

"అందుకని పంపు దాచారు," అన్నాడు లెక్చరరు, కోపం తెచ్చుకోవాలని చూస్తూ.

"పారేద్దామనే తీశానండీ. చేతులు రాలేదు. మా వంటింట్లో ఉంది. నీళ్ళు కూడా మార్చాను. తీగ లేని ఆ బెజ్జాన్ని నా కళ్ళతో చూడలేను, అంతే. ఈ అమ్మ పక్కనుండగా అసలు చూడలేను."

నర్సమ్మ స్టూలు మీంచి లేచింది. "తెండి," అంది.

ఆయన రెండు వీధుల అవతలి ఇంటికెళ్ళి బకెట్టు తెచ్చాడు. బల్లమీద పెట్టి, వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. లెక్చరరు బ్రష్షు అందుకోబోతుంటే నర్సమ్మ వద్దంది. చేతులు పైకి మడుచుకుని, ముప్ఫై ఏళ్ళు గాయాలు కడిగిన చేత్తో తనే కడగడం మొదలుపెట్టింది. మట్టి పొరలు పొరలుగా వచ్చింది. గంట గడిచింది. డ్రైవరు ఎప్పుడు దగ్గరికొచ్చాడో, చెప్పకుండానే చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.

ముందు అంకె బయటపడింది. బావమరిది భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చదివాడు: ఏడు, ఒకటి, సున్నా, నాలుగు. లెక్చరరు జాబితాలో వేలు జరిపి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మీ అన్నయ్యగారిదేనమ్మా. ఎడమ ఇంజను."

నర్సమ్మ ఏడవలేదు. డ్రైవరు వైపు తిరిగి, "క్షమించు నాయనా," అంది.

"ఎందుకండీ? అయితే మా నాన్న ఆ రోజు చావలేదన్నమాట," అన్నాడతను నెమ్మదిగా. "ఎక్కడో కొన్నాళ్ళయినా బతికాడు. వెతికితే దొరుకుతుందేమో, ఆయన సంగతి." చెంబు మళ్ళీ ముంచాడు.

ఆవిడ పంపుని పక్కకి తిప్పి, అడుగున మట్టి తీసింది. చేతులు ఆగాయి.

"మేస్త్రీ గారూ, ఇక్కడేదో తీగ ఉంది. పచ్చగా."

గోడదగ్గర మనిషి తిరగలేదు. "పచ్చగా ఉండదమ్మా. ఉక్కుతీగ తుప్పు పడితే ఎర్రగా ఉంటుంది."

"రాగి చిలుము ఇది. నాకు తెలియదా? వచ్చి చూడండి."

ఆయన వచ్చాడు. బల్లమీదికి వంగాడు. ప్లగ్గు కదలకుండా బిగుతుగా ఉంది. దాని తలలోంచి రాగితీగ రెండు పేటలుగా దూరి, పక్క బెజ్జానికి ఎగుడుదిగుడుగా, మొరటుగా మెలితిరిగి ఉంది. పైన పగిలిన గొట్టంలోంచి నల్లటి ఆయిలు ఒక చుక్క ఇంకా జారుతోంది.

"ఇది నా మెలి కాదు," అన్నాడు. "మెకానిక్కు ఎవడూ ఇలా కట్టడు. రాగితీగ మా దగ్గర ఉండేదే కాదు..."

"ఎవరి దగ్గర ఉండేది?" అని అడిగారు సర్వేయరు గారు.

"పైలట్ల దగ్గర. కెమెరా పెట్టె మూతకి కట్టుకోవడానికి. జేబులో చుట్ట పెట్టుకునేవారు."

"మీరు వెళ్ళాక, ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి చూసేది ఎవరు?"

మేస్త్రీ ఆ మెలిని వేలితో తడిమాడు. సర్వేయరు గారే చెప్పారు. "పైలట్టే. తీగ లేదని ఆయన చూశాడు. పైవాళ్ళకి చెబితే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి శిక్షిస్తారు. అందుకని తన జేబులో తీగతో తనే కట్టేశాడు. మీరు చేతులూపుతూ ఎందుకు పరిగెత్తుకొచ్చారో ఆయనకి వినక్కర్లేదు, తెలుసు. అందుకే అంతా సరిగ్గానే ఉందన్నాడు. ఆ విమానం దేనివల్ల కూలిందో ఈ పంపు చెప్పదు. దీనివల్ల మాత్రం కాదు. ఆయిలు ఇంకా ఇందులోనే ఉంది."

మేస్త్రీ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ముసలివాడు అలా ఏడుస్తుంటే చూడటం కష్టం. షావుకారు గడియారం సంగతి మర్చిపోయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బావమరిది నోటుపుస్తకం ఎప్పుడో మూసేశాడు.

"నామీద కేసు పెట్టండమ్మా," అన్నాడు మేస్త్రీ చివరికి. "మూడురోజులు మిమ్మల్ని ఏడిపించాను."

నర్సమ్మ చేతులు తుడుచుకుంది. తన స్టూలు జరిపి ఆయన్ని కూర్చోబెట్టింది. తను ఇంకోటి లాక్కుని ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"నాకప్పుడు పన్నెండేళ్ళు," అంది. "అన్నయ్య మొహం ఫొటోలో ఉంది. గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా రావడంలేదు, ఎప్పుడో పోయింది. ఆ పొద్దున అన్నయ్య మాట ఆఖరుగా విన్నది మీరే. ఎలా అన్నాడో అలాగే, ఇంకొక్కసారి అనండి."

మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. గొంతు సవరించుకుని, ఇరవై మూడేళ్ళ మనిషి నవ్వుతూ అన్నట్టే అనడానికి ప్రయత్నించాడు.